పైవరుసకు కనపడిన గ్లాసు

కనపడలేదని మాత్రం చెప్పకండి. షామియానా కింద పేముకుర్చీల్లో కూర్చున్న పెద్దలారా, రైసుమిల్లు పద్మనాభయ్య గారూ, ఆయన పక్కన విసనకర్ర విసురుకుంటున్న ప్లీడరు గారూ, కప్పు అందించడానికి వచ్చి వేసిన దండ మెళ్ళోనే ఉంచుకున్న సమితి ప్రెసిడెంటు గారూ, మీకూ ఆ నీళ్ళబల్లకూ మధ్య ఆటగాళ్ళ వీపులు అడ్డం వచ్చాయని ఇప్పుడంటున్నారు. అడ్డం వస్తే లేచి నిలబడవచ్చు. మీరు లేవలేదు. అంటరానితనం నేరమని చట్టం వచ్చి ఏడేళ్ళయింది. ప్లీడరు గారు ఆ చట్టం గురించి మైకులో మాట్లాడగా పైవరుసవాళ్ళం మేమే విన్నాం. ఆ చట్టాన్ని ఇటుకరాయి మీద బోర్లించినప్పుడు మాత్రం ఆయన విసనకర్ర ఆగలేదు.

గేలరీ పైవరుస ఎక్కి చూడండి. సర్వికొయ్యలు పాతి, తాటిబద్దలు పరిచి, కొబ్బరితాళ్ళతో బిగించిన గేలరీ అది. ఎండ మొహాన కొడుతుంది. కూర్చుంటే బద్ద కింద ఆకాశం తప్ప ఏమీ ఉండదు. కానీ అక్కడినుంచి ఏదీ దాగదు. ఎస్తేరమ్మ అక్కడినుంచే చూసింది.

ఎస్తేరమ్మ పద్మనాభయ్య గారి మిల్లులో వడ్లు ఎండబోసే పని చేస్తుంది. కేరళకు పోయే ఉప్పుడుబియ్యం కోసం రాత్రంతా నానిన వడ్లు ఆవిరిలో ఉడికి, పొగలు కక్కుతూ సిమెంటు కళ్ళం మీద పడతాయి. ఆడవాళ్ళు వాటిని పలచగా నెరిపి, చీర మోకాళ్ళదాకా ఎగదోపి, పాదాలు నేలకు ఆనించి ఈడుస్తూ నడుస్తారు. పాదం వెంట చాలు పడుతుంది. చాలు పక్కన ఇంకో చాలు. కళ్ళం చివరిదాకా పోయి అడ్డంగా తిరిగి మళ్ళీ మొదలు. ఎండ పైనుంచి, వేడి కిందనుంచి. మధ్యమధ్య ఒక గింజ నోట వేసుకుని కొరకాలి. మెత్తగా నలిగితే ఇంకా నడవాలి. టక్కున విరిగితే కుప్పకు ఎత్తాలి.

దాహమైతే కళ్ళం చివర నీళ్ళతొట్టి ఉంది. ముత్యాలయ్య అనే ముసలాయన చెంబుతో ముంచి పైనుంచి పోస్తాడు. ఆడవాళ్ళు ఒంగి, మోచేతులు ఎత్తి, దోసిలి నోటికి ఆనించి తాగుతారు. ఎస్తేరమ్మ పెళ్ళయి వచ్చినప్పటినుంచీ అట్లాగే తాగుతున్నది. అందులో ఆలోచించాల్సింది ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

ఆమె కొడుకు హెబ్రోను మిల్లు టీములో ఫుట్‌బాలు ఆడతాడు. మిషను హాస్టల్లో ఉండి ఎస్సెల్సీ చదివినప్పుడు నేర్చుకున్న ఆట. ఎడంపక్క ముందు ఆడతాడు, దాన్ని లెఫ్టవుట్ అంటారని ఇంట్లో చెప్పాడు. ఆ ఏడు కావలిలో జరిగే పోటీలో కప్పు గెలిస్తే హెబ్రోనును మిల్లులో కాటా దగ్గర ఉద్యోగంలో వేస్తానని పద్మనాభయ్య అందరి ముందూ అన్నాడు. కొడుకు కాటా దగ్గర నిలబడితే తను కళ్ళం దిగవచ్చునని ఎస్తేరమ్మ ఆశ. అరికాళ్ళు పగిలి, పగుళ్ళలో ఊక దూరి, రాత్రిళ్ళు మంట పెడుతున్నాయి.

అయితే ఆమె కళ్ళంలో ఆడవాళ్ళకు గొప్పగా చెప్పుకున్నది ఉద్యోగం సంగతి కాదు. కొడుకు చెప్పిన ఇంకో మాట. ఆటలో పెద్దిల్లూ, ఊరవతలి పల్లే అనే తేడాలు లేవని, అందరికీ ఒకటే బకెట్టు నీళ్ళని వాడన్నాడు. ఆ మాటను ఆమె చాలు తీస్తూ తీస్తూ ఒకరి తర్వాత ఒకరికి చెప్పింది.

మొదటి ఆట రోజున మధ్యాహ్నమే కళ్ళం ఎత్తించారు, మిల్లువాళ్ళంతా ఆటకు రావాలని. ఎస్తేరమ్మ తమ్ముడు తిమోతి స్టేషను దగ్గర రిక్షా తొక్కుతాడు. వాడు అక్కను రిక్షాలో ఎక్కించుకుని తెచ్చాడు. మైదానానికి ఒక పక్కన షామియానా, దాని మూలన గేలరీ. ఆ రెంటికీ మధ్య సందులో ఒక బల్ల, దానిమీద గ్లాసులు, పక్కన బకెట్టు.

కళ్ళంలో ఆడవాళ్ళు మైదానం అంచున నేలమీదే కూర్చున్నారు, గేలరీలో ఆడవాళ్ళు లేరు. కింది వరుసల్లో బజారువాళ్ళు, మధ్యలో కాలేజీ పిల్లలు. పైవరుస అంతా రిక్షావాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, పల్లెవాళ్ళు. ఎస్తేరమ్మ చీర కుచ్చెళ్ళు పళ్ళతో పట్టుకుని కొయ్యలమీద కాలు పెడుతూ ఎక్కింది. పైన గాలికి బద్దలు కిర్రుమన్నాయి. ఆమె రెండు చేతులా బద్దను పట్టుకుంది.

“పడితే పద్మనాభయ్య నెత్తినే పడదాంలేక్కా, భయపడబాక,” అన్నాడు తిమోతి. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు.

ఆట ఆమెకు అర్థం కాలేదు. ఇరవైమంది ఒక్క బంతి వెంట ఎందుకు పడతారో తెలియలేదు. కానీ పాదాలు చూడటం ఆమె పని. కాసేపటికి హెబ్రోను పాదాలు మిగతావాళ్ళ పాదాల్లోనుంచి విడిపడి కనపడ్డాయి. వాడు బంతిని తన్నడం లేదు, ఈడుస్తున్నాడు. మడమ ఎత్తకుండా, నేలను వదలకుండా. పాదం ఒకపక్కకు వంచి బంతిని లాగుతుంటే దుమ్ములో చాలు పడుతున్నది. ఎస్తేరమ్మ ఒళ్ళు ముందుకు వంచింది. పక్కవాడు తినమని ఇచ్చిన వేరుశనక్కాయలు ఒళ్ళోనుంచి జారి బద్దల సందులోనుంచి కిందికి పడిపోయినా చూసుకోలేదు.

హాఫ్‌టైము ఈల వేశారు. ఆటగాళ్ళు బల్ల దగ్గరకు వచ్చి మూగారు. ముత్యాలయ్య చెంబుతో వరసగా గ్లాసులు నింపాడు. చేతులు చాచి తలా ఒకటి తీసుకున్నారు. హెబ్రోను తీసుకోలేదు. బల్లకు ఇవతల, గేలరీ నీడలో ఒక్కడే నిలబడ్డాడు. అందరూ తాగాక ముత్యాలయ్య అదే బకెట్టులో అదే చెంబు ముంచి తెచ్చాడు. హెబ్రోను ఒంగాడు. మోచేతులు ఎత్తాడు. చొక్కా తడవకుండా మెడ ముందుకు చాపాడు. చెంబు పైనుంచి నీళ్ళు దోసిట్లోకి పడ్డాయి.

తన ఒళ్ళే కింద నిలబడి తాగుతున్నట్టు అనిపించింది ఎస్తేరమ్మకు. అదే వంపు, అవే మోచేతులు. ఒకటే బకెట్టు అన్న కొడుకు అబద్ధం చెప్పలేదు. బకెట్టు ఒకటే.

నోరు తుడుచుకుని హెబ్రోను తలెత్తి పైవరుసలోకి చూశాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికాడు. ఎస్తేరమ్మ చటుక్కున తల వంచి, ఊడని కొప్పును ఊడదీసి మళ్ళీ ముడేసుకోసాగింది. తిమోతి ఆమెవైపు చూసి, మొహం తిప్పుకున్నాడు.

మిల్లు టీము గెలిచింది.

ఇంట్లో హెబ్రోను అన్నం ముందు కూర్చుని ఆట సంగతులు ఒకటొకటి చెప్పాడు. ఆమె ఊ కొడుతూ చేపలపులుసు వడ్డించింది. చివర్లో, కంచంలోకి చూస్తూ, పైనుంచి బాగా కనపడిందా అని అడిగాడు. ఎండ కళ్ళలో కొట్టి సగం కనపడలేదన్నది. వాడు తలూపాడు. ఇద్దరూ ఆ మాటను అక్కడితో వదిలేశారు.

రెండో ఆట రోజు పొద్దున ఎస్తేరమ్మ ట్రంకుపెట్టె తెరిచి గుడ్డలో చుట్టిన ఎవర్‌సిల్వర్ గ్లాసు తీసింది. వాడు ఎస్సెల్సీ ప్యాసైనప్పుడు చర్చి ఆడవాళ్ళు కలిసి ఇచ్చింది. అంచు కింద చుక్కలు కొట్టి హెబ్రోను అని పేరు వేయించారు. దాన్ని ఊకబూడిదతో తోమి, చీర కొంగుతో తుడిచి, బూట్లు సంచిలో పెట్టుకుంటున్న కొడుకు చేతికి ఇచ్చింది.

“ఇది తీసకపోరా. దోసిట్లో తాగితే చొక్కా తడుస్తాది.”

వాడు గ్లాసును, తర్వాత అమ్మను చూశాడు. అమ్మ చూసేసిందని వాడికి తెలిసిపోయింది. చెవులు కందిపోయాయి. గ్లాసును బూట్ల మధ్య పెట్టుకుని వెళ్ళాడు.

బిడ్డ ఒంగకుండా నిలబడి తాగితే చాలనుకుంది ఆమె. అంతే అనుకుంది. తన ఇంట్లోనుంచి, తన చేత్తో తోమి, తనే ఇచ్చింది.

ఆనాడు పైవరుసలో కూర్చుని హాఫ్‌టైము కోసమే కాచుకుంది. ఈల పడింది. హెబ్రోను సంచిలోనుంచి గ్లాసు తీశాడు. ముత్యాలయ్య ఏం చెయ్యాలో తెలియక షామియానా వైపు తిరిగాడు. పద్మనాభయ్య స్వయంగా లేచి వచ్చాడు, గ్లాసు చూశాడు, సంతోషంగా తల పంకించాడు, వేలితో ఏదో చూపించాడు. ముత్యాలయ్య పోయి గేలరీ కొయ్య మొదట్లో ఉన్న ఇటుకరాయి ఒకటి ఊడబెరికి తెచ్చి, బల్లకు దూరంగా నేలమీద పెట్టాడు. హెబ్రోను గ్లాసును ఆ రాయి మీద పెట్టాడు. చెంబు తగలకుండా పైనుంచి నీళ్ళు పోశారు. వాడు నిలబడే తాగాడు. తాగి, కడిగి, రాయి మీద బోర్లించాడు. ఎండకు గ్లాసు అడుగు తళుక్కుమంది.

ఆ ఆటా గెలిచారు. పైవరుస అంతా లేచి కేకలు వేసింది. ఎస్తేరమ్మ లేవలేదు.

మర్నాడు పద్మనాభయ్య కళ్ళంలోకి వచ్చాడు. మామూలుగా ఆయన అటు రాడు, ఊక పంచెకు అంటుతుందని. గట్టు మీద నిలబడి ఆమెను పిలిచాడు.

“మంచి పని చేసినావే ఎస్తేరూ. ఎవురికీ ఇబ్బంది లేకండా తెలివిగా చేసినావు. ఇంత బుద్ధి నాకే తోచలేదు.”

ఆ రోజునుంచి కళ్ళంలో పనిచేసేవాళ్ళంతా ఎవరి గ్లాసు వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకోవాలని, వాటిని కొట్టం చూరులో విడిగా దోపుకోవాలని మేస్త్రీ చేత చెప్పించాడు. మిల్లు ఎదుటి టీకొట్టతనికి కూడా అదే కబురు పోయింది. సాయంత్రానికి టీకొట్టు పందిరి గుంజకు మేకులు కొట్టారు, పల్లెవాళ్ళ గ్లాసులు విడిగా తగిలించడానికి.

ఆడవాళ్ళు చాళ్ళు తీస్తున్నారే గానీ ఎవరూ ఎస్తేరమ్మతో మాట్లాడటం లేదు. పక్క చాలులో నడుస్తున్న పోలేరమ్మ మాత్రం, తల ఎత్తకుండానే, అందరికీ వినపడేట్టు అంది.

“దోసిలైతే కడుక్కుంటే పొయ్యేది. ఇప్పుడు పేరు కొట్టించుకోని చూర్లో పెట్టుకోవాల. నీ కొడుకు దొరతనం మా నెత్తికొచ్చిందమ్మా.”

ఎస్తేరమ్మ ఒక గింజ నోట వేసుకుని కొరికింది. ఎండిందో లేదో తెలియలేదు. ఇంకోటి కొరికింది. అదీ తెలియలేదు.

ఆ సాయంత్రం కొడుకును గ్లాసు తిరిగి ఇచ్చెయ్యమని అడిగింది. పెట్టెలో పెట్టేస్తానంది. కళ్ళంలో జరిగింది, టీకొట్టు దగ్గర జరిగింది చెప్పింది. తప్పు తనదేనంది. హెబ్రోను గడపలో కూర్చుని బూట్లకు కొవ్వు రుద్దుతున్నాడు.

“నాకు నీళ్ళకు కరువా అమా,” అన్నాడు. “గ్లాసు నా కాణ్ణే ఉండనీ. రేపు నువ్వు పైనే కూచో. బాగా కనపడే కాడ.”

“ఏం చేస్తావురా?”

“ఆడతా.”

కాటా ఉద్యోగం గురించి ఆమె గుర్తు చేయబోయింది. బదులుగా రెండో బూటు తీసి వాడి చేతికి అందించింది.

ఫైనలుకు ఊరు ఊరంతా వచ్చింది. ఎదుటి టీము గూడూరునుంచి రైల్లో దిగింది. షామియానా కింద కొత్త కుర్చీలు పడ్డాయి, బల్లమీద ఎర్రగుడ్డ పరిచి కప్పు పెట్టారు. నీళ్ళబల్ల తన చోటనే ఉంది. ఇటుకరాయి కూడా ముందే పెట్టి ఉంది. ఇప్పుడది ఏర్పాట్లలో ఒకటి.

మొదటి సగంలో హెబ్రోను ఒక గోలు కొట్టాడు. మూల గీత వెంబడి బంతిని ఈడ్చుకుంటూ వచ్చి, ఇద్దరు మీద పడుతుంటే కాలి పక్కతో నెట్టాడు, అంతే. షామియానా కింద చప్పట్లు కొట్టారు. పద్మనాభయ్య పక్కవాళ్ళ భుజాలు చరిచాడు. మావాడు, మావాడు అంటున్నాడని ఆయన పెదవులు చూస్తేనే పైకి తెలుస్తున్నది.

ఈల పడింది. హెబ్రోను అందరికంటే ముందు వచ్చాడు. ఆటకు ముందు తనే ఇటుకరాయి మీద బోర్లించి పోయిన గ్లాసు తీశాడు. తీసి, బల్ల దగ్గరకు నడిచాడు. బల్లమీద వరసగా ఉన్న గ్లాసులను రెంటిని రెండు వేళ్ళతో పక్కకు జరిపి, ఆ సందులో తన గ్లాసు పెట్టాడు. అన్నీ ఎవర్‌సిల్వరువే. కలిసిపోయింది.

ముత్యాలయ్య చెంబు పట్టుకుని అప్పటికే వరస మొదట్లోనుంచి పోసుకుంటూ వస్తున్నాడు. ఇన్నేళ్ళ అలవాటున చెయ్యి గ్లాసు మీదనుంచి గ్లాసు మీదికి పోయింది. హెబ్రోను గ్లాసు మీదికి వచ్చింది. ముసలాయన కళ్ళెత్తి చూశాడు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నిండింది. చెయ్యి ముందుకు పోయింది.

మిగతావాళ్ళు రొప్పుతూ వచ్చి మీద పడి తీసుకున్నారు. ఎవరి చేతికి ఏది అందితే అది. హెబ్రోను తన చేతికి అందిన క్లబ్బు గ్లాసు ఒకటి తీసుకుని గటగటా తాగాడు. గోల్‌కీపరు మస్తానయ్య అవతలి కొసనుంచి నడిచి వచ్చేసరికి బల్లమీద ఒకే ఒకటి మిగిలింది. తీసి ఎత్తాడు. సగం తాగాక అతని బొటనవేలికి చుక్కలు తగిలాయి. గ్లాసు దించి చూశాడు.

పైవరుసకు అక్షరాలు కనపడవు. వేలు ఆగడం కనపడింది. మస్తానయ్య తలెత్తి హెబ్రోనును చూడటం కనపడింది. వాళ్ళ నాన్న పద్మనాభయ్యకు వడ్లు తోలే రైతు, పెద్ద ఇల్లు. తిమోతి బద్దను గట్టిగా పట్టుకున్నాడు.

మస్తానయ్య మిగతా సగమూ తాగాడు. గ్లాసును బల్లమీద పెట్టాడు. ఇటుకరాయి మీద కాదు, బల్లమీదే. గోలు వైపు నడిచిపోయాడు.

అతను అంతవరకే చేశాడు. అంతకన్నా ఎక్కువ చేశాడని రాయం. ఎందుకంటే ఆ వెంటనే పద్మనాభయ్య, ఖాళీగా ఉన్న ఇటుకరాయిని చూసి వచ్చి, హెబ్రోను భుజం పట్టుకుని గీత అవతలికి నెట్టినప్పుడు అతను గోల్లో నిలబడి చూశాడు. కదలలేదు. టీములో మిగతా పదిమందీ చూశారు. లెఫ్టవుట్‌కు కాలు బెణికిందని మైకులో చెప్పారు. హెబ్రోను షామియానా గుంజ పక్కన రెండు కాళ్ళమీదా తిన్నగా నిలబడి ఉండగానే చెప్పారు.

ఆట మొదలైంది. పైవరుసలో ఎవరో వేలు చూపుతూ లెక్కపెట్టి, పదిమందే ఉన్నారన్నారు, ఆట మధ్యలో బదులు మనిషిని దించకూడదట. ఆ మాట వరుస వెంట పాకింది. ఎడంపక్క నేల ఖాళీగా ఉంది. బంతి అటు పోతే తెచ్చేవాడు లేడు. గూడూరువాళ్ళకు సంగతి అర్థమై ఆ పక్కనుంచే వచ్చి గోలు కొట్టారు. కాసేపటికి ఇంకోటి.

రెండో గోలు పడినప్పుడు ఎస్తేరమ్మ లేచింది. చీర ఎగదోపుకుని కొయ్యలు దిగసాగింది. ఈసారి బద్దలు పట్టుకోలేదు. తిమోతి వెనకాలే దిగాడు. వాడి వెనక పక్కనున్న రిక్షావాళ్ళు, వాళ్ళ వెనక మూటలు మోసేవాళ్ళు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. పైవరుస అంతా దిగి వచ్చి నీళ్ళబల్ల చుట్టూ నిలబడింది. మైదానంలో ఆట జరుగుతూనే ఉంది, గేలరీ పైవరుసలో ఆకాశం తప్ప ఏమీ లేదు.

పద్మనాభయ్య వచ్చాడు. జనాన్ని చూసి గొంతు తగ్గించాడు.

“నీ గ్లాసు తీసుకోని ఇంటికి పో ఎస్తేరూ. నీ కొడుకు నా కప్పు పోగొట్టినాడు. రేపట్నుంచి కళ్ళానికి కూడా రాబళ్ళేదు.”

ఎస్తేరమ్మ బల్లమీద గ్లాసును చూసింది. చెయ్యి చాచలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

“కళ్ళానికి రానులేయ్యా. గ్లాసు మాత్రం తీసుకోను. అది ఇంట్లోనుంచి తెచ్చి తప్పు చేసినా. ఇంక అది బల్ల మీదే ఉండాల, అన్నిట్లో ఒకటిగా. మస్తానయ్య తాగినాడు, మీరూ తాగండి.”

పద్మనాభయ్య తాగలేదు. ప్లీడరు గారి విసనకర్ర అప్పుడు ఆగింది. కప్పు గూడూరు రైలెక్కింది. బల్లను గ్లాసులతో సహా మిల్లు గోదాములో పెట్టి తాళం వేశారు, హెబ్రోను గ్లాసు కూడా అందులోనే ఉంది. ఎస్తేరమ్మకు పని లేదు. హెబ్రోనుకు టీమూ లేదు, కాటా లేదు. చూరులో గ్లాసులు ఉన్నాయి. టీకొట్టు గుంజకు మేకులు ఉన్నాయి. మైదానంలో ఇటుకరాయి పెట్టిన చోటే ఉంది.

అయ్యా పద్మనాభయ్య గారూ, గోదాము తాళం తీయండి. బల్ల బయట వేయండి. హెబ్రోనును ఆటలోకి పిలవండి, ఎస్తేరమ్మను పనిలోకి పిలవండి, పిలిచి మీ గ్లాసులోనే నీళ్ళివ్వండి. టీకొట్టు మేకులు పీకించండి. ప్లీడరు గారూ, మీకు నోటికి వచ్చిన చట్టాన్ని కోర్టులో ఒక్కసారి చదవండి. ముందుగా ఆ ఇటుకరాయిని ఎత్తి పారెయ్యండి. ముత్యాలయ్య చేత కాదు, మీ చేత్తో. రేపే రండి. మేం పైవరుసలో కూర్చుని చూస్తుంటాం.